తోలు జాకెట్టు మీద తెల్ల మచ్చలు: బూజేనా? ఇంట్లో శుభ్రం చేయవచ్చా?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు లండన్‌లో చదువుకునేటప్పుడు కొనుక్కున్న నల్ల తోలు జాకెట్టు మా ఇంట్లో ఉండిపోయింది. గొర్రె తోలు అని లోపలి పట్టీ మీద ఉంది. మళ్ళీ వెళ్తున్నాడు, తీసుకెళ్తానంటున్నాడు. వానాకాలం అంతా ప్లాస్టిక్ కవరులో బీరువాలో వేలాడింది. తీసి చూస్తే భుజాల మీద, కాలరు మడతలో, చేతుల మీద తెల్లగా పొడిపొడిగా ఏదో పట్టి ఉంది. వేలితో తుడిస్తే పోతోంది, మర్నాటికి మళ్ళీ కనిపిస్తోంది. కాలరు లోపలివైపు మెడ రాసుకునే చోట జిడ్డు పేరుకుని నిగనిగలాడుతోంది. ఈ చుట్టుపక్కల తోలు బట్టలు శుభ్రం చేసేవాళ్ళు ఎవరూ దొరకలేదు. వీడియోల్లో ఒకరు వినిగరు అంటున్నారు, ఒకరు వంట సోడా అంటున్నారు, ఇంకొకరు ఆలివ్ నూనె అంటున్నారు. తెలిసినవాళ్ళు దారి చూపించగలరు.

బామ్మగారి_మనవడు (తెనాలి)

ఇంత ఆలోచన ఎందుకండీ! కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి దూదితో పట్టించండి. మా ఇంట్లో చెప్పులకీ, బెల్టులకీ, హార్మోనియం తిత్తికీ అదే. తోలు ఎండిపోతేనే ఇలా తెల్లబడుతుంది. నూనె తాగితే నల్లగా మెరుస్తుంది.

రెండుచక్రాలు (హైదరాబాదు)

దయచేసి ఆ పని చేయకండి. హార్మోనియం తిత్తి వేరు, నాజూకైన గొర్రె తోలు జాకెట్టు వేరు. నూనె ఇంకిన చోట రంగు ముదురుతుంది, ఇంకని చోట జిడ్డుగా నిలబడుతుంది, రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంటుంది. నావి బండి నడిపేటప్పుడు వేసుకునే మందపాటి ఆవుతోలు జాకెట్లు. వాటికే వంటింటి నూనెలు రాయను.

తంగేడుపువ్వు (నెల్లూరు)

రాణిపేటలో చర్మశుద్ధి కర్మాగారంలో చాలాకాలం పనిచేసినవాడిని. గోదారిగట్టు గారూ, ముందు ఆ తెలుపు ఏమిటో తేల్చుకోవాలి. తోలు మీద తెల్లగా కనిపించేవి ముఖ్యంగా రెండు. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఒకటి బూజు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి, గాలి ఆడకుండా కొన్నాళ్ళు ఉంటే చాలు, అది పుడుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో ఆ తేమ మామూలే. తోలు మీది కొవ్వు, చెమట, జిడ్డు దానికి ఆహారం. గుండ్రటి చుక్కలుగా మొదలై నూగులా లేస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన వాసన వస్తుంది.

రెండోది కొవ్వు పూత. తోలు తయారీలో చివరికి వచ్చేసరికి నూనెలు, కొవ్వులు పట్టిస్తారు. అవి లేకపోతే ఆరిన తోలు అట్టముక్కలా బిగుసుకుపోతుంది. ఆ కొవ్వులో ఒక భాగం చలికాలంలోనో, ఏసీ గదిలోనో పైకి తేలి మంచులా గడ్డకడుతుంది. దీనికి వాసన ఉండదు. చుక్కలుగా కాక, పలచటి పొగ కమ్మినట్టు ఒక్క తీరుగా పరుచుకుంటుంది. తుడిచినా మళ్ళీ రావడం రెండింటికీ ఉన్న గుణమే కాబట్టి దాన్నిబట్టి తేల్చలేం.

పరీక్ష సులువు. హెయిర్ డ్రైయరును అతి తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, కొద్ది క్షణాలు చూపించండి. కొవ్వయితే కరిగి తోలులోకి మాయమవుతుంది. బూజయితే ఉన్నచోటే ఉంటుంది. పరీక్షకు మాత్రమే సుమా, ఆరబెట్టడానికి ఆ యంత్రాన్ని వాడవద్దు.

మనవడు గారికి ఒక మాట. కొబ్బరినూనె మీద నాకు కోపం లేదు. అందులో ఎక్కువభాగం సంతృప్త కొవ్వే కాబట్టి వేరుశనగ నూనెలా త్వరగా ముక్కవాసన కూడా కొట్టదు. కానీ సుమారు 24 డిగ్రీల కింద గడ్డకట్టే నూనె అది. లండన్ చలిలో ఆ జాకెట్టు మీద ఏ రంగులో కనిపిస్తుందో ఆలోచించండి. పైగా ఇప్పుడు ఉన్నది బూజే అయితే, దానికి ఇంకో వాయి వడ్డించినట్టే.

బామ్మగారి_మనవడు (తెనాలి)

తంగేడుపువ్వు గారూ, మీరు చెప్పింది కాదనను. అయితే మా హార్మోనియం తిత్తి తరాలుగా చెక్కుచెదరలేదు, దానికేమంటారు?

తంగేడుపువ్వు (నెల్లూరు)

మంచి ప్రశ్న. పాత తిత్తులు, పాత చెప్పులు చాలావరకు చెట్టు బెరడుతో శుద్ధిచేసిన తోళ్ళు. మన దక్షిణాదిలో ఆ పనికి పేరుపడ్డది తంగేడు చెక్క, తోడుగా కరక్కాయ. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోళ్ళు చాలావరకు ఆ బాపతే. నా పేరు చూసి బతుకమ్మ పువ్వు అనుకున్నారేమో, నేను పెట్టుకున్నది ఈ చెక్క కోసం. ఆ తోలుకు పైపూత పెద్దగా ఉండదు కాబట్టి పోసిన నూనె తాగుతుంది. రంగు ముదిరినా అక్కడ ఎవరూ పట్టించుకోరు.

ఈనాటి జాకెట్టు తోలు దాదాపుగా క్రోమియం లవణాలతో శుద్ధిచేసినది. న్యూయార్కులో అగస్టస్ షుల్జ్ అనే రసాయనవేత్త 1884లో పేటెంటు తీసుకున్నాక ఆ దారి పెరిగింది. బెరడుతో వారాల తరబడి సాగే పని రోజుల్లోకి వచ్చింది. ఆ తోలు మొదట లేత నీలంగా ఉంటుంది. మీ జాకెట్టు జేబు లోపల కోసిన అంచు ఎక్కడైనా కనిపిస్తే జాగ్రత్తగా చూడండి. పైన నల్లరంగు, అడుగున నూగు, నడుమ బూడిద కలిసిన నీలం గీత ఉంటే అది ఈ రకమే. నడుమ గోధుమరంగు ఉంటే చెట్టు చెక్క. అయితే లోపలిదాకా రంగు దింపిన తోళ్ళలో ఈ గీత కనిపించదు.

జాకెట్టు తోలు మీద రంగు పూత, దాని మీద రక్షణ పూత ఉంటాయి. ఎంత మందాన ఉన్నాయన్నదాన్నిబట్టే ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్నది. కనపడని చోట ఒక్క నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలబడితే పూత గట్టిగా ఉన్నట్టు, తడిబట్టకు భయపడనక్కరలేదు. వెంటనే ఇంకి నల్లబడితే పూత లేనట్టు. అప్పుడు నీళ్ళూ నూనే రెండూ తగ్గించుకోవాలి.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

చేసి చూశాను. చేతుల మీది తెలుపు డ్రైయరు గాలికి చూస్తుండగానే కరిగిపోయింది. భుజాల మీదా, కాలరు మడతలోనూ ఉన్నది మాత్రం కదలలేదు, పైగా మగ్గిన వాసన. అంటే రెండూ ఉన్నట్టేనా? నీటిచుక్క నిలబడింది, కానీ కాసేపటికి దాని కింద కొంచెం నల్లబడింది. జేబు అంచులో మీరు చెప్పిన నీలిగీత సన్నగా ఉంది. చూసి భలే ముచ్చటేసింది.

తంగేడుపువ్వు (నెల్లూరు)

రెండూ ఉన్నాయి. చేతుల సంగతి అయిపోయింది, పొడి బట్టతో ఒకసారి రుద్ది వదిలేయండి.

బూజు పనికి జాకెట్టును వరండాలోకి తీసుకెళ్ళండి, మూతికి మాస్కు కట్టుకోండి. ఇంట్లో దులిపితే ఆ సూక్ష్మబీజాలు పక్కనున్న పట్టుచీరల మీద వాలతాయి. మెత్తటి బ్రష్షుతో కాలరు నుంచి కిందికి ఒకే దిశలో దులపండి. కుట్ల సందుల్లో, జిప్పు పక్కన పాత టూత్‌బ్రష్ వాడండి. తర్వాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో అన్ని నీళ్ళు కలిపి, నూలు బట్టను ముంచి గట్టిగా పిండి, పైపైన ఒత్తుతూ తుడవండి. అంతకంటే ముందు, లోపలికి మడిచి కుట్టిన అంచు మీద పరీక్షించి తీరాలి. బట్టకు నల్లరంగు దిగితే అక్కడితో ఆపేసి, తెల్ల వినిగరులో అన్ని నీళ్ళు కలిపి వాడండి. వాసన రెండు రోజులుంటుంది, పోతుంది.

ఆరేది నీడలో, ఫ్యాను గాలిలో. ఎండలో వద్దు. ఎండకు బూజు చస్తుందన్నది నిజమే, దాంతోపాటు రంగూ వెలుస్తుంది, తోలూ బిగుస్తుంది.

వంట సోడా మాట వచ్చింది కాబట్టి: తోలు ఆమ్లగుణం ఉన్న పదార్థం, పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 4 దగ్గర ఉంటుంది. వంట సోడా నీళ్ళది 8 పైన, బట్టల సబ్బుది 10 దాకా. క్షారం తగిలితే తోలు ఉబ్బుతుంది, లోపలి నూనెలు వదులుతాయి, ఆరాక బిరుసెక్కుతుంది. అందుకే మా కర్మాగారంలో క్షారం పనంతా మొదట్లోనే, వెంట్రుక రాల్చే సున్నపు తొట్టిలోనే అయిపోయేది. తయారైన తోలు మీద దాని ఊసే ఉండదు.

కుట్టుమిషను (విజయవాడ)

కాలరు జిడ్డు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. మాది మరమ్మతుల దుకాణం. మొదట తడి తగలనివ్వకండి. టాల్కం పౌడరో, మొక్కజొన్న పిండో మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున దులిపితే పిండి పసుపురంగుకు తిరిగి ఉంటుంది, అదంతా తాగిన జిడ్డే. తెల్లపిండి తెల్లగా రాలేదాకా అలా చేస్తూ పోవాలి. ఆ తర్వాతే గ్లాసెడు నీళ్ళలో రెండు మూడు చుక్కల పసిపిల్లల షాంపూ వేసి, నురగను మాత్రమే బట్టతో ఎత్తి తుడవాలి. తర్వాత మంచినీళ్ళ బట్టతో మరోసారి తుడవాలి. నీళ్ళు అంటే బోరు నీళ్ళు కాదండోయ్. ఉప్పునీళ్ళు ఆరితే నల్లతోలు మీద తెల్లని అంచుగీతలు పడతాయి, మళ్ళీ బూజనుకుని ఇక్కడికొచ్చి అడుగుతారు. ఫిల్టరు నీళ్ళు వాడండి.

జాకెట్టు వాసనలో సగం లైనింగుది. తిరగేసి, చంకల దగ్గర అదే నురగతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. చెమటకు లైనింగు చీకిపోయి ఉంటే విప్పి కొత్తది వేయించుకోండి, కోట్లు కుట్టే దర్జీలు చేస్తారు. తోలు జోలికి మాత్రం పోనివ్వకండి. తోలులో సూది దిగిన రంధ్రం పూడదు, పాత రంధ్రాల్లోనే కుట్టు పడాలి. ఆ ఓపిక అందరికీ ఉండదు.

మెరుపుతీగ (గుంటూరు)

మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన నల్ల షూ పాలిష్ రాస్తే కొత్తదానిలా ఉంటుందన్నారు. రాయించవచ్చా?

కుట్టుమిషను (విజయవాడ)

బూటును ఎవరూ కౌగిలించుకోరు. జాకెట్టుకు రాసిన పాలిష్ తెల్లచొక్కా కాలరుకు, కారు సీటుకు, పక్కన కూర్చున్నవారి చీరకు అంటుతుంది. వద్దు.

రెండుచక్రాలు (హైదరాబాదు)

నేను చెప్పేది విని తంగేడుపువ్వు గారు కోప్పడతారేమో. నా బండి జాకెట్టును పెద్ద తొట్టిలో చన్నీళ్ళు పోసి, చేత్తోనే కడుగుతాను. భుజాల, మోచేతుల ప్యాడ్లు ముందే తీసేస్తాను. గాఢత తక్కువున్న షాంపూ, పది నిమిషాల నానుడు, ఆ తర్వాత వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడలో ఆరబోత. కొంచెం చెమ్మ ఉండగానే కండిషనరు, అంటే తోలును మెత్తగా ఉంచే క్రీము. ఏళ్ళ తరబడి ఇలాగే చేస్తున్నాను, రంగు పోలేదు, ముడుచుకోలేదు. విజయవాడ హైవే మీద సాయంత్రం పూట వస్తే ఛాతీ మీద అతుక్కునే పురుగుల సంగతి బండి నడిపేవాళ్ళకు తెలుసు. వాటికి గోరు పెట్టి గీకవద్దు. తడిబట్ట పరిచి కాసేపు వదిలితే నాని వాటంతట అవే వస్తాయి.

తంగేడుపువ్వు (నెల్లూరు)

కోపం ఎందుకు! మీది మిల్లీమీటరుకు పైబడిన ఆవుతోలు, పైన గట్టి రంగుపూత. క్రోమియం తోలు నీళ్ళకు భయపడదు, కర్మాగారంలో అది తడిలోనే పుట్టింది. గొర్రెతోలు జాకెట్టు మీ దాంట్లో ఇంచుమించు సగం మందం ఉంటుంది. తడిస్తే తన బరువుకే సాగుతుంది, ఆరాక భుజాలు జారిపోయి కనిపిస్తాయి. మీ పద్ధతి మీ జాకెట్టుకు సరే, గోదారిగట్టు గారి తమ్ముడి దానికి వద్దు. వాషింగు మెషిన్‌లో వేయడం మాత్రం ఎవరికీ వద్దు.

కాల్గరీచలి (కెనడా)

ఇక్కడి అనుభవం పూర్తిగా తలకిందులు. మా చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. తోలు మోచేతి మడతల దగ్గర బీటలు తీస్తుంది. అందుకే ఇక్కడివాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు కండిషనరు రాయమంటారు. ఇంటర్నెట్లో కనిపించే సలహాల్లో ఎక్కువభాగం ఇలాంటి పొడిచలి దేశాలవాళ్ళు రాసినవే. వాటిని పట్టుకుని కాకినాడలో నెలనెలా క్రీములు పూస్తే బూజు రాక ఏమవుతుంది? మా నాన్నగారికి ఈ మాట నచ్చజెప్పడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

లండన్ వెళ్ళే తమ్ముడికి ఇంకొకటి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది చిమ్మి జాకెట్టు అంచున తెల్లచారలు పడితే, కొంచెం వినిగరు కలిపిన నీళ్ళలో పిండిన బట్టతో అదేరోజు తుడిచేయాలి. వదిలేస్తే అక్కడ తోలు బిరుసెక్కుతుంది.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

బూజు పని పూర్తయింది. ఆల్కహాలు పరీక్షలో బట్టకు లేతగా నల్లరంగు దిగింది, అందుకని వినిగరు నీళ్ళతోనే తుడిచాను. కాలరు పిండి పద్ధతి అద్భుతంగా పనిచేసింది, చివరిసారి పిండి తెల్లగా రాలింది. జిప్పు మాత్రం మధ్యలో పట్టేస్తోంది. కండిషనరు ఏది కొనాలి, ఎంత రాయాలి?

తంగేడుపువ్వు (నెల్లూరు)

తోలు బట్టలకు అని రాసి ఉన్న లేతరంగు క్రీము ఏదైనా సరే. బూట్ల మైనం కాదు. బఠాణీ గింజంత తీసుకుని మొదట బట్టకు రుద్ది, ఆ బట్టను తోలు మీద గుండ్రంగా తిప్పండి. వీపు భాగం అంతటికీ ఆ గింజంతే చాలాలి. పావుగంట ఆగి పొడిబట్టతో మిగిలింది తుడిచేయండి. చేత్తో నిమిరితే జిడ్డు తెలియకూడదు. చేతుల మీద కొవ్వు తేలింది కాబట్టి అక్కడ అసలు రాయకండి, ఆ తోలులో ఇప్పటికే అవసరానికి మించి ఉంది. మీరు మన ఊళ్ళోనే దాచేపనైతే మొత్తానికే మానేయమనేవాణ్ణి, లండన్ కాబట్టి ఒకసారి.

జిప్పు పళ్ళు ఇత్తడివో ఇనుపవో అయితే కొవ్వొత్తి ముక్కను రెండు వైపులా రుద్ది నాలుగైదుసార్లు లాగండి.

సందేహాలసంచి (వరంగల్లు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఆన్‌లైనులో కొన్న జాకెట్టు. ఒరిజినల్ లెదర్ అని రాశారు. భుజాల మీద పొట్టులా ఊడిపోతోంది, కింద గుడ్డ బయటపడుతోంది. కండిషనరు రాస్తే ఆగుతుందా?

తంగేడుపువ్వు (నెల్లూరు)

కింద గుడ్డ కనిపించిందంటే అది తోలు కాదు, రెక్సిన్ జాతి. తోలుకు అడుగున నూగు ఉంటుంది, నేత ఉండదు. అలాంటి గుడ్డ మీద వేసే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూతలు చాలావాటికి గాలిలోని తేమే శత్రువు. తేమ తగిలి ఆ పదార్థం గొలుసు తెగినట్టు తెగుతుంది. వాడకపోయినా, బీరువాలో ఉన్నా ఊడుతుంది. ఏ క్రీమూ దాన్ని ఆపలేదు. డబ్బులు వృథా చేసుకోకండి.

ఇకమీదట కొనేముందు వేలితో నొక్కి చూడండి. తోలయితే వేలి చుట్టూ సన్నటి ముడతలు విచ్చుకుంటాయి, రంధ్రాలు అక్కడొక తీరు ఇక్కడొక తీరుగా ఉంటాయి. రెక్సిన్ నొక్కితే గుంటపడి ఊరుకుంటుంది, అచ్చు గుద్దిన గీతలు ఒకే కొలతలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. అగ్గిపుల్లతో కాల్చి చూడమని చెప్పేవారి మాట వినకండి, అంగడివాడు ఊరుకోడు.

నిర్వాహకుడు

ఈ చర్చలో జాకెట్లు అమ్ముతామంటూ ఫోను నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. చర్చ కొనసాగించండి.

మెరుపుతీగ (గుంటూరు)

నా క్రీమురంగు తోలు జాకెట్టు మీద బాల్‌పెన్ను గీత పడింది. శానిటైజరుతో పోతుందంటున్నారు.

కుట్టుమిషను (విజయవాడ)

సిరాతోపాటు జాకెట్టు రంగూ పోతుంది. గీత ఉన్నచోట తెల్లమచ్చ మిగులుతుంది. గీతే నయం.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

పెట్టెలో ఎలా సర్దాలి? గాలి తీసేసే ప్లాస్టిక్ సంచులు ఉన్నాయి, చోటు కలిసివస్తుంది కదా అని అడుగుతున్నాను.

రెండుచక్రాలు (హైదరాబాదు)

వద్దు, మడతలు అచ్చుపడిపోతాయి. వేసుకుని విమానం ఎక్కమనండి.

తంగేడుపువ్వు (నెల్లూరు)

అదే మంచిది. ఇంట్లో దాచేవాళ్ళకు: వెడల్పాటి భుజాలున్న హ్యాంగరు, పైన పాత నూలు దుప్పటితో కుట్టిన తొడుగు. జేబుల్లో సిలికా జెల్ పొట్లాలు వేస్తే సరే, కానీ అవి కొన్నాళ్ళకు తేమ తాగి నిండిపోతాయి, మార్చాలి. కలరా ఉండలు పురుగుకే తప్ప బూజుకు పనికిరావు, వాటి వాసన తోలును ఒక పట్టాన వదలదు. వానాకాలంలో వారానికోసారి బీరువా తలుపు తెరిచి ఫ్యాను వేయండి, కరెంటు బిల్లు పెద్దగా పెరగదు.

బామ్మగారి_మనవడు (తెనాలి)

నా దగ్గర స్వెడ్ బూట్లు ఒక జత ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతేనా? నూనె రాయనులెండి, కంగారుపడకండి.

తంగేడుపువ్వు (నెల్లూరు)

స్వెడ్ అంటే నూగు పైకి తేలిన తోలు, పైపూత ఉండదు. తడి, క్రీము రెండూ వద్దు. మురికి పూర్తిగా ఆరనిచ్చి, రబ్బరు బ్రష్షుతో ఒకే దిశలో దువ్వండి. మొండిమచ్చలకు పిల్లలు బడిలో వాడే తెల్ల రబ్బరుతో రుద్దితే చాలావరకు పోతాయి. వానలో మాత్రం తొడుక్కోకండి.